అరుదైన పెట్టె: వుంచుకోవాలా, అమ్ముకోవాలా?

అమ్మాలా, ఆగాలా అన్న ప్రశ్న మన వర్తకులకు కొత్త కాదు. దుగ్గిరాల, నిజామాబాదు పసుపు వర్తకులకు అది ఏటా ఎదురవుతుంది. గుంటూరు మిర్చి వర్తకులకు, సరుకు కోల్డు స్టోరేజీలో పెట్టిన నాటినుంచి తీసే నాటివరకు, రోజూ ఎదురవుతుంది. నేటి పాఠంలో ఆ పాత ప్రశ్ననే ఈ పేజీకి బొత్తిగా అలవాటు లేని ఒక సరుకుకు వేసి చూద్దాం. ఆ సరుకు సీలు విప్పని పాత వీడియో గేము పెట్టె.

పిల్లల ఆటవస్తువుకు వర్తక పాఠమా అని నవ్వవలసిన పని లేదు. 2021 జూలైలో అమెరికాలోని హెరిటేజ్ వేలంలో రెండు రోజుల తేడాతో అటువంటి పెట్టెలు రెండు, ఒకటి 8 లక్షల 70 వేల డాలర్లకు, రెండవది 15 లక్షల 60 వేల డాలర్లకు అమ్ముడయ్యాయి. ఇంత ధర పలికే సరుకు ఏదైనా సరుకే. పైగా పసుపు, మిర్చి బేరాల్లో పైకి కనబడని కొన్ని సూత్రాలు ఇటువంటి సరుకులో స్పష్టంగా కనబడతాయి. ఈ పాఠం ఉద్దేశం అదే.

లక్డీకాపూల్ వర్తకుడు

లెక్క సులువు కోసం ఒక ఉదాహరణ తీసుకుందాం. లక్డీకాపూల్‌లో ఆఫీసులకు కాగితం, స్టేషనరీ సరఫరా చేసే ఒక వర్తకుణ్ని వూహించుకోండి. 1990లో ఆయన తమ్ముడు అమెరికానుంచి వస్తూ అన్న కొడుక్కి నింటెండో గేము పెట్టె ఒకటి తెచ్చాడు. యంత్రం ఇక్కడ కొనుక్కోవచ్చు గదా అని అది తేలేదు. కొంతకాలానికి ఆబిడ్స్‌లో టీవీకి తగిలించే గేము యంత్రం కొనబోతే, ఈ కాట్రిడ్జి ఇందులో పట్టదని దుకాణదారు చెప్పాడు. అతను చెప్పింది నిజమే. ఆ రోజుల్లో మన బజార్లలో అమ్మిన యంత్రాలు చాలావరకు జపాను నమూనాకు నకళ్లు. వాటి కాట్రిడ్జికి 60 పిన్నులు. అమెరికా కాట్రిడ్జికి 72. పిల్లవాడు రెండు రోజులు అలిగి మరిచిపోయాడు. పైన చుట్టిన ప్లాస్టిక్ కాగితం కూడా విప్పకుండానే ఆ పెట్టె బీరువా పైఅరలో పట్టుచీరల వెనక్కు చేరింది.

ముప్పయి అయిదేళ్లు గడిచాయి. తమ్ముడు ఇప్పుడు లేడు. పిల్లవాడు పెద్దవాడై ఆ పెట్టె విలువ తెలుసుకున్నాడు. ముంబయి సేకరణదారు ఒకరు దళారీ ద్వారా 10 లక్షల రూపాయలు ఇస్తానన్నాడు. అదే సమయంలో బడులు తెరిచే సీజను వస్తున్నది. మిల్లుకు బాకీ వుంది. బ్యాంకు ఓవర్‌డ్రాఫ్టు నిండుగా వాడేసి వుంది. దానిమీద నూటికి రూపాయి చొప్పున వడ్డీ పడుతున్నది.

"రొక్కం చేతిలో పట్టుకుని కూర్చున్నాడు అన్నగారూ, ఇచ్చేయండి" అని దళారీ తొందర. "ఇంకా పెరుగుతుంది నాన్నా, అమెరికాలో కోట్లు పలికాయి" అని కొడుకు. "మరిది చేతిమీదుగా వచ్చింది, వుండనీయండి" అని ఇంటావిడ. ముగ్గురి మాటా వినదగిందే. కాని ముగ్గురూ మూడు వేరువేరు ప్రశ్నలకు జవాబు చెబుతున్నారు. వర్తకుడు ముందుగా ఆ ప్రశ్నలను విడదీయాలి.

సరుకు స్వరూపం

ఏ సరుకునైనా చూసేటప్పుడు మొదట అడగవలసింది: రాబడి ఎంత, నిలవ ఎంత? పసుపుకు ఏటా కొత్త పంట వస్తుంది. పాత గేముకు కొత్త పంట రాదు. ఇక రాబడి లేదు గనుక ధర పెరిగి తీరుతుందని చాలామంది నమ్మకం. ఇక్కడే మొదటి పొరపాటు జరుగుతున్నది.

1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ ప్రపంచమంతటా 4 కోట్లకు పైగా అమ్ముడయింది. 15 లక్షల 60 వేల డాలర్లు పలికిన సూపర్ మారియో 64 కూడా కోటికి పైగా అమ్ముడయిన ఆటే. అంటే అరుదు ఆటలో లేదు. సీలు విప్పకుండా, మూల నలగకుండా మిగిలిన పెట్టెలో వుంది. అదే ఆట విప్పినది, ఆడినది అయితే పాతసామాను ధరకే పోతుంది. మిర్చిలో తాలు వేరు, మేలిరకం వేరు అన్నట్టే ఇది. కాకపోతే ఇక్కడ రెండింటి మధ్య తేడా పది రెట్లు కావచ్చు, వెయ్యి రెట్లు కావచ్చు.

ఆటే నిజంగా అరుదైన సందర్భాలూ వున్నాయి. 1990లో అమెరికాలో నింటెండో నిర్వహించిన పోటీలకోసం తయారయిన కాట్రిడ్జీలు మొత్తం 116. అందులో 90 బూడిదరంగువి, 26 బంగారురంగువి. వాటి నిలవ వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. విప్పని మామూలు పెట్టెల నిలవ ఎవరికీ తెలియదు. లక్డీకాపూల్ బీరువాలో ఒకటి వున్నట్టే మరెన్ని అటకలమీద ఎన్ని వున్నాయో ఎవరు చెప్పగలరు? ధర పెరిగిందన్న వార్తే ఆ అటకలను దులిపిస్తుంది. పంట రాని సరుకుకు కూడా రాబడి వస్తుందన్న మాట మరిచిపోరాదు.

భూమిలోంచి కూడా రాబడి వచ్చిన ఉదంతం వుంది. 1983లో అటారి కంపెనీ అమ్ముడుపోని సరుకును న్యూమెక్సికో రాష్ట్రంలోని అలమొగోర్డో దగ్గర చెత్తగుంటలో పూడ్చింది. 2014 ఏప్రిల్‌లో తవ్వి దాదాపు 1,300 కాట్రిడ్జీలు బయటికి తీశారు. మురికిపట్టి, నలిగి వచ్చినా అవి వేలంలో అమ్ముడయ్యాయి. అందులో కొన్న వారు ఆటకు డబ్బు పెట్టలేదు. ఆ గుంట కథకు పెట్టారు. ఏ కథా లేని పెట్టెకు ఆ ధర రాదు.

ఇక రకం నిర్ణయం. పసుపుకు కొమ్ము, కాయ చూసి ధర కట్టినట్టు, ఈ సరుకుకు గ్రేడింగు సంస్థలు పెట్టె స్థితికి పదికి ఇన్ని మార్కులని, సీలుకు విడిగా ఒక అక్షరమని ఇచ్చి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో బిగించి పంపుతాయి. రికార్డు ధర పలికిన మారియో 64 పెట్టెకు వచ్చింది 9.8. సీలుకు అత్యుత్తమ శ్రేణి. ఒక్క అర మార్కు తగ్గితే ధర గణనీయంగా పడిపోతుంది. కాబట్టి పత్రికలో చదివిన ధరను మన బీరువాలోని పెట్టెకు అంటగట్టడం, మేలిరకం ధర చూసి తాలుకు బేరం చెప్పడం వంటిది. పైగా విప్పిన పెట్టెకు మళ్లీ ప్లాస్టిక్ చుట్టి అమ్మే మోసగాళ్లు వున్నారు. ముంబయి వాడు 10 లక్షలు అంటున్నది చూడకుండా అంటున్నాడా, చూసి అంటున్నాడా అన్నది కూడా తేల్చుకోవాలి. చూడకుండా చెప్పిన ధర ధర కాదు.

ఇద్దరు యజమానులు, రెండు ఫలితాలు

ఈ సరుకులో ఈ మధ్య జరిగిన రెండు బేరాలు ప్రతి వర్తకుడూ పక్కపక్కన పెట్టి చూడదగినవి.

మొదటిది: అమెరికాలో ర్యాలీ అనే సంస్థ 2020లో విప్పని సూపర్ మారియో బ్రదర్స్ పెట్టెను లక్షా 40 వేల డాలర్లకు కొన్నది. దాన్ని వాటాలుగా విభజించి చిన్న మదుపుదార్లకు అమ్మింది. కొద్ది నెలలకే ఒకరు 3 లక్షల డాలర్లు ఇస్తామన్నారు. పెట్టుబడికి రెట్టింపు పైమాటే. వాటాదార్లు వద్దన్నారు. 2021 ఆగస్టులో 20 లక్షల డాలర్ల బేరం వచ్చింది. ఈసారి అత్యధికులు సరేనన్నారు. ఏడాదిన్నర లోపలే సొమ్ము 14 రెట్లు దాటింది.

రెండవది: నింటెండో, సోనీ కంపెనీలు కలిసి ఒక గేము యంత్రం తయారు చేయబోయి 1991లో విడిపోయాయి. అప్పటి నమూనా యంత్రం ఒకటి, దివాలా తీసిన ఒక ఆర్థిక సంస్థ సామాను వేలం వేసినప్పుడు, 75 డాలర్లకు కొన్న డబ్బాల మధ్య ఆ సంస్థ మాజీ ఉద్యోగికి దొరికింది. తర్వాత 12 లక్షల డాలర్ల బేరం వస్తే తాను వద్దన్నానని ఆయనే చెప్పాడు. 2020 మార్చిలో హెరిటేజ్ వేలానికి పెడితే 3 లక్షల డాలర్ల వద్ద సుత్తి పడింది. కొనుగోలుదారు రుసుముతో కలిపి కొన్నవాడు చెల్లించింది 3 లక్షల 60 వేలు.

మొదటివారు వద్దని లాభపడ్డారు. రెండవ ఆయన వద్దని 12 లక్షలు మూడోవంతుకన్నా తక్కువకు దించుకున్నాడు. మొదటివారు తెలివైనవారనీ, రెండవ ఆయన తెలివితక్కువవాడనీ అనుకుంటే పాఠం వంటపట్టదు. వద్దన్న రోజున రాబోయే ధర ఇద్దరికీ తెలియదు. ఇద్దరూ చేసిన పని ఒక్కటే. ఆ పని పేరు తెలుసుకోవడమే నేటి పాఠం.

వద్దన్న ధరే కొన్న ధర

చేతికి వచ్చిన బేరాన్ని వద్దన్న వర్తకుడు ఆ రోజున ఆ ధరకు ఆ సరుకును కొన్నట్టే లెక్క.

ఈ ఒక్క వాక్యం గుర్తుంటే చాలు. నమూనా యంత్రం యజమాని తన సరుకు 75 డాలర్లదని మనసులో అనుకుని వుండవచ్చు. కాని 12 లక్షలు వద్దన్న క్షణంనుంచి అది 12 లక్షల డాలర్ల సరుకే. దాన్ని 3 లక్షల చిల్లరకు అమ్మినప్పుడు 75 డాలర్ల లెక్కన వేల రెట్ల లాభం. వద్దన్న బేరం లెక్కన 8 లక్షల డాలర్లకు పైగా నష్టం. రెండు లెక్కలూ నిజమే. మొదటిది జరిగిపోయిన లెక్క. నిర్ణయానికి పనికివచ్చేది రెండవది.

పసుపులో మనవారు ఈ పాఠానికి మూల్యం చెల్లించారు. 2010లో క్వింటాలు 15 వేలు దాటినప్పుడు నిలవ వున్న వారిలో చాలామంది, "నేను కొన్నది తక్కువకే గదా, నాకేం భయం" అనుకున్నారు. 2012 తొలినాళ్లకు ధర 5 వేలకు దిగువకు వచ్చింది. కొన్న ధర కొండంత ధైర్యం ఇస్తుంది. ఆ ధైర్యం మార్కెట్టుకు తెలియదు.

కాబట్టి లక్డీకాపూల్ వర్తకుడు వేసుకోవలసిన ప్రశ్న: "ఈ పెట్టె నా దగ్గర లేదు, చేతిలో 10 లక్షలు వున్నాయి. ఆ డబ్బుతో ఈ రోజు ఈ పెట్టెను కొంటానా?" ఆయన విషయంలో ప్రశ్న ఇంకా గట్టిది. చేతిలో డబ్బు లేదు, ఓవర్‌డ్రాఫ్టు వుంది. అంటే, "బ్యాంకులో 10 లక్షలు అప్పు తెచ్చి ఈ పెట్టెను కొంటానా?"

నిలవ ఖర్చు

అప్పు తెచ్చి కొన్నట్టే లెక్క గనుక వడ్డీ కట్టి చూద్దాం. నూటికి రూపాయి చొప్పున 10 లక్షలమీద ఏడాదికి లక్షా 20 వేలు. అయిదేళ్లకు బారువడ్డీ లెక్కన అసలు, వడ్డీ కలిసి 16 లక్షలు. ఏడాదికోసారి చక్రవడ్డీ కడితే 17 లక్షల 62 వేలు. అప్పటికి సరుకును విదేశీ వేలానికి పంపాలంటే వేలం సంస్థ కమీషను, రవాణా, ఇన్సూరెన్సు కలిసి నూటికి 15 పోతాయనుకుందాం. అప్పుడు వర్తకుని చేతికి 17 లక్షల 62 వేలు రావాలంటే సరుకు 20 లక్షల 73 వేలు పలకాలి.

ధర అయిదేళ్లలో రెట్టింపు దాటితే లాభమూ లేదు, నష్టమూ లేదు. అక్కడినుంచి పైకి వెళ్లినదే లాభం. కొడుకు "పెరుగుతుంది నాన్నా" అన్నప్పుడు తండ్రి అడగవలసింది, "రెట్టింపు దాటి ఎంత పెరుగుతుందిరా?" అని.

చేతిలో మిగులు డబ్బు వుండి, అప్పు లేని వర్తకునికి ఈ గీత ఇంత ఎత్తున వుండదు. బ్యాంకు డిపాజిట్టు వడ్డీ లెక్కన అతను ఆగగలడు. ఒకే పెట్టె, ఒకే బేరం. ఒకరు అమ్మడం సబబు, ఇంకొకరు ఆగడం సబబు. సరుకు నిర్ణయం సరుకులో లేదు, వర్తకుని ఖాతా పుస్తకంలో వుంది.

అడుగు ధర

లక్డీకాపూల్ నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో సైఫాబాదు టంకశాల వుంది. 1903లో ఏర్పడిన ఆ టంకశాలలో నిజాము హాలీ సిక్కాలు ముద్రించారు. 1997లో నాణేల తయారీ చర్లపల్లికి తరలింది. 2022లో సైఫాబాదు ప్రాంగణంలో ప్రదర్శనశాల తెరిచారు. పాత కుటుంబాల్లో చార్మినారు బొమ్మ వున్న వెండి రూపాయలు ఇప్పటికీ వుంటాయి. అవి కూడా సేకరణదార్లు కొనేవే. 7 హాలీ రూపాయలు 6 భారత రూపాయలకు సమానంగా చెల్లిన నాణెం 1959లో చెలామణీ నుంచి తొలగింది. ఆ నాటితో నాణెంగా దాని విలువ పోయింది. కాని అందులో నూటికి 80 పాళ్ల పైగా వెండి వుంది. సేకరణదార్లు లేని రోజున కూడా కంసాలి తక్కెడలో దానికి ధర వుంటుంది. దాన్ని అడుగు ధర అందాం.

వీడియో గేము పెట్టెకు అడుగు ధర లేదు. అట్ట, ప్లాస్టిక్, చిన్న చిప్పు. కొనేవాని మోజు తీసేస్తే మిగిలేది సున్న. 2021 రికార్డుల తర్వాత 2022లో గేముల మార్కెట్టు చల్లబడినప్పుడు ఎక్కువ ధరకు కొన్నవారికి కాలు ఆన్చడానికి చోటు దొరకలేదు. చిన్నప్పుడు ఆ ఆటలు ఆడిన తరం ఇప్పుడు సంపాదనలో వుంది గనుక మోజు వుంది. ఆ తరం దాటిన తర్వాత కొనేవారెవరు? తపాలా బిళ్లలు సేకరించే కుర్రవాళ్లు తగ్గాక మామూలు బిళ్లల ఆల్బములకు ఏ ధర వస్తున్నదో తెలిసినవారికి ఈ ప్రశ్న అర్థమవుతుంది. అడుగు ధర లేని సరుకును అప్పుతో నిలవ పెట్టరాదు. ఇది నిలవ వర్తకంలో మొదటి సూత్రం.

అమ్మే చోటు

సరుకుకు ధర ఎంత అన్నదానికి ముందు ఎక్కడ అమ్మగలం అన్నది తేలాలి. దీనికి మన నగరంలోనే పెద్ద ఉదాహరణ వుంది.

ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ తన నగలను ట్రస్టులకు అప్పగించాడు. ధర్మకర్తలు 1970లలో వాటిని అమ్మజూపారు. పురావస్తువులు, కళాఖండాల చట్టం 1972లో వచ్చింది. నూరేళ్లు దాటిన వస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించరాదు. అంటే ప్రపంచంలోని కొనుగోలుదార్లందరూ పోయి, దేశంలోపలి వారే మిగిలారు. వ్యవహారం కోర్టుల్లో ఏళ్ల తరబడి నడిచి, చివరికి 1995లో 173 నగలను భారత ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకు కొన్నది. అందులో జాకబ్ వజ్రం ఒక్కటే 184.75 క్యారట్లు. ఆరవ నిజాము చనిపోయాక అది ఆయన చెప్పులో దొరికిందనీ, కొడుకు దాన్ని కాగితాలమీద బరువుగా వాడాడనీ చెప్పుకుంటారు. నగలు ప్రభుత్వం చేతికి రావడం జాతికి లాభం. మన పాఠానికి కావలసింది మాత్రం ఇది: సరుకు ఎంత గొప్పదైనా, అది వెళ్లగలిగిన బజారు ధరే దాని ధర.

వీడియో గేముకు ఆ అడ్డంకి లేదు. నలభై ఏళ్ల వస్తువు పురావస్తువు కాదు. కాని మరో అడ్డంకి వుంది. ఇక్కడ బజారు లేదు. అమెరికా నమూనా పెట్టెలు మన దేశంలో దుకాణాల్లో అమ్మినవి కావు. 1990లలో మనకు వచ్చినవి సమురాయ్ పేరుతో అమ్మిన యంత్రాలు, వాటి నకళ్లు, ఒకే కాట్రిడ్జిలో లక్షల ఆటలున్నాయని చెప్పే పచ్చి నకిలీలు. 1995లో షా వాలెస్ సంస్థ ద్వారా సెగా యంత్రం వచ్చింది. ధర 18 వేల రూపాయలు. ఆ రోజుల్లో 18 వేలు పెట్టి ఆట యంత్రం కొన్న ఇళ్లు ఎన్ని వుంటాయి? కనుక ఆ పెట్టెల జ్ఞాపకం వున్న సేకరణదార్లు ఇక్కడ కొద్దిమందే. సికింద్రాబాదులోని చినాయ్ ట్రేడ్ సెంటరు చుట్టూ తిరిగినా పాత యంత్రం బాగు చేసేవాడు దొరుకుతాడేమోగాని 10 లక్షలు లెక్కపెట్టేవాడు దొరకడు.

ఒకే ఒక్క కొనుగోలుదారు వున్న బజారులో రెండు ప్రమాదాలు. అతను చెప్పిన ధర తక్కువ కావచ్చు. అతను వెళ్లిపోతే మరొకడు రాకపోవచ్చు. మొదటి ప్రమాదానికి మందు, బేరం ముగించేముందు విదేశీ వేలాల్లో అదే ఆట, అదే గ్రేడు పెట్టెలు ఎంతకు పోయాయో నాలుగయిదు అమ్మకాలు చూడడం. అందులో అత్యధిక ధర కాకుండా మధ్య ధర తీసుకోవాలి. దానిలోంచి కమీషను, రవాణా తీసివేసి, మిగిలినదాన్ని ముంబయి ధరతో పోల్చాలి. రెండవ ప్రమాదానికి మందు లేదు. అది బేరంలోనే వుంది.

డాలరు, తరుగు

ముప్పయి అయిదేళ్లు బీరువాలో వుండి పెట్టె ధర ఇంత పెరిగిందంటే అందులో పెట్టె గొప్పతనం ఎంత, డాలరు గొప్పతనం ఎంత అని కూడా చూడాలి. 1990లో డాలరు సుమారు 17 రూపాయలు. 2024లో 83 దాటింది. డాలరు లెక్కన ధర ఏమీ పెరగకపోయినా రూపాయల్లో అది దాదాపు అయిదు రెట్లు అయివుండేది. ఈ గాలి పెట్టె కోసం వీచింది కాదు. బంగారం వుంచుకున్నవారికీ వీచింది, అదీ అడుగు ధరతో సహా.

ఇక తరుగు. పసుపుకు పురుగు, మిర్చికి రంగు మారడం ఎలాగో, ఈ సరుకుకూ తరుగు వుంది. మన వానాకాలం తేమకు అట్ట ఉబ్బుతుంది. మన ఎండకు లోపల బిగువు తగ్గిన ప్లాస్టిక్ చుట్టు చిట్లవచ్చు. కాగితం తినే వెండిపురుగుకు అట్టపెట్టె విందు. కొన్ని కాట్రిడ్జీల లోపల ఆట స్థితిని గుర్తుంచుకోవడానికి చిన్న బ్యాటరీ వుంటుంది. అది ఎప్పటికైనా నీరసించక తప్పదు. పాత ప్లాస్టిక్ పసుపుపచ్చగా మారడం అందరూ చూసిందే. పెట్టె విలువంతా దాని స్థితిలో వున్నప్పుడు, ఆగిన ప్రతి ఏడూ ఆ స్థితిని పణంగా పెట్టినట్టే. ఆగదలిస్తే ఎండ తగలని, తేమ చేరని అరలో నిలువుగా పెట్టి, పైన బరువు లేకుండా చూడాలి. నాఫ్తలీను ఉండలు, సుగంధ ద్రవ్యాలు దగ్గర పెట్టరాదు. పట్టుచీరల వెనుక స్థానం మార్చవలసిందే.

పన్ను సంగతి కూడా ముందే ఆలోచించాలి. 24 నెలలు దాటి దగ్గర వుంచుకున్న ఆస్తులను అమ్మితే వచ్చే లాభంమీద, 2024 జూలై 23 నాటినుంచి సాధారణంగా నూటికి 12.5 చొప్పున పన్ను. వాడుకున్న ఇంటి వస్తువు లెక్కలోకి వస్తుందా, విప్పని పెట్టె గనుక మదుపు లెక్కలోకి వస్తుందా అన్నది ఆడిటరును అడిగి, బేరానికి ముందే తేల్చుకోవాలి. రొక్కం చేతులు మారితే పన్ను పోతుందని దళారీ చెప్పే మాట వినరాదు.

సగం అమ్మే వీలు లేదు

నిలవ వర్తకంలో పెద్దలు చెప్పే ఉపాయం ఒకటి వుంది. నిర్ణయం తేలనప్పుడు సగం అమ్మి, సగం ఆగాలి. ధర పెరిగితే సగం లాభం, పడితే సగం రక్షణ. నూరు బస్తాల మిర్చికి ఇది చక్కగా పనికివస్తుంది. పెట్టెను మాత్రం సగం చేయలేం. అమెరికా సంస్థ వాటాలు అమ్మింది ఈ ఇబ్బందిని దాటడానికే. మన వర్తకునికి ఆ దారి లేదు. అతని నిర్ణయం అవునో, కాదో. అందువల్ల పొరపాటు జరిగితే పూర్తిగా జరుగుతుంది. విడదీయలేని సరుకును మొత్తం ఆస్తిలో చిన్న భాగంగా వుంచుకోగలిగినవాడే వుంచుకోవాలి. ఆ పెట్టె పోయినా సీజను సరుకు ఆగనివాడు ఆగవచ్చు. అది ఆగితే సీజను సరుకు ఆగేవాడు ఆగరాదు.

ముగ్గురి మాట

ఇప్పుడు ముగ్గురి సలహాలకు తిరిగి వద్దాం.

దళారీ చెప్పింది కొనేవాని తొందర గురించి. అతని కమీషను బేరం కుదిరితేనే వస్తుంది. అతని తొందర మన కారణం కారాదు. వారం రోజులు గడువు అడిగి, వేలం ధరలు చూసి, ఆడిటరును కలవడానికి ఆ వారం వాడుకోవాలి. గడువు ఇవ్వని బేరమైతే అందులో మనకు తెలియనిదేదో అతనికి తెలిసివుంటుంది.

కొడుకు చెప్పింది ధర గురించి. పెరగవచ్చు. కాని రెట్టింపు దాటి పెరగాలి, అయిదేళ్లలోపు పెరగాలి, అట్ట పాడవకుండా పెరగాలి, ఆ రోజున కొనేవాడు వుండాలి. నాలుగూ కలిసిరావాలి. అప్పుమీద ఇన్ని షరతుల బేరం పెట్టేవారిని మన బజారులో వర్తకులు అనరు.

ఇంటావిడ చెప్పింది ధర గురించి కాదు. ఆమె మాటకు మార్కెట్టు జవాబు లేదు, వుండనక్కరలేదు కూడా. తమ్ముడి గుర్తుగా వుంచుకోదలిస్తే నిస్సంకోచంగా వుంచుకోవచ్చు. కాని అప్పుడు దాన్ని మదుపు అనరాదు. ఏడాదికి లక్షా 20 వేలు వడ్డీ కడుతూ ఒక జ్ఞాపకం వుంచుకుంటున్నామని తెలిసి వుంచుకోవాలి. ఆ ఖర్చు భరించగలిగితే అది వారి ఇష్టం. ధర పెరుగుతుందన్న ఆశను ప్రేమ పేరుతోను, ప్రేమను ఆశ పేరుతోను దాచుకోవడమే ప్రమాదం. తమ్ముడు దాన్ని తెచ్చింది పిల్లవాడు ఆడుకుంటాడని. ఆ పని అది ఏనాడూ చేయలేకపోయింది. ఇప్పుడు అన్న దుకాణాన్ని సీజనులో నిలబెడితే అది కూడా తమ్ముడి సాయమేనని ఆ ఇంట్లో ఎవరైనా అంటే కాదనలేం.

ఈ లెక్కన లక్డీకాపూల్ వర్తకుడు, వేలాల మధ్య ధరతో పోల్చినప్పుడు ముంబయి బేరం సరసంగా వుందని తేలితే, అమ్మి ఓవర్‌డ్రాఫ్టు తీర్చుకోవడం మేలు. తర్వాత ఆ పెట్టె 30 లక్షలు పలికిందన్న వార్త రావచ్చు. ఆ రోజున బాధపడవలసిన పని లేదు. అతను అమ్మింది తెలిసిన ధరకు, తెలిసిన అవసరానికి. అప్పు లేని పక్కింటి వర్తకుడు అదే రోజున ఆ పెట్టెను 10 లక్షలకు కొని దాచుకుంటే అదీ తప్పు కాదు. బేరం అంటే ఇద్దరికీ నిర్ణయాలు వేరుగా వుండడమే.

వర్తక మిత్రులు తమ గిడ్డంగిలోని నిలవకు కూడా ఈ రాత్రి ఇదే ప్రశ్న వేసి చూడవచ్చు. పసుపైనా, మిర్చి అయినా, గోడకు తగిలించిన పాత పటమైనా, ఈ రోజు బజారు ధరకు, ఈ రోజు వడ్డీకి, కొత్తగా కొంటారా? కొంటామంటే వుంచండి. కొనమంటే, దాన్ని ఎందుకు వుంచుతున్నారో కాగితంమీద ఒక వాక్యంలో రాయండి. ఆ వాక్యం రాయలేకపోతే తెల్లవారగానే దళారీకి కబురు పంపవచ్చు.